ఎవరి భుజాలు వాళ్ళవి

మూగకొండ మీద పడుకున్నవాళ్ళు కెమెరాకు చిక్కరనీ, ఆ కొండ కనబడేలా బొమ్మ తీస్తే ఫిల్ము గాజుపలకలా ఖాళీగా వస్తుందనీ మా తీరం పొడవునా అందరికీ తెలుసు. అన్ ఖే కనుమ ఎక్కే బస్సుల డ్రైవర్లు ఆ మలుపు రాగానే వేగం తగ్గించి మరీ ఈ సంగతి ప్రయాణికులకు వివరిస్తారు. రేవులో కాఫీ అమ్మేవాళ్ళు చెబుతారు. నేను ఉద్యోగ జీవితమంతా రసాయన శాస్త్రం బోధించిన పాఠశాలలో, నా తరువాత అవే పాఠాలు చెబుతున్న యువకుడు సైతం ఒకనాడు నా ఎదుటే చెప్పాడు. చెప్పి ఊరుకోక, "మీ అమ్మాయికే కదా మాస్టారూ జరిగింది, నేను మీకు చెప్పేదేముంది" అని వినయంగా చేతులు కట్టుకున్నాడు.

జరిగింది మా అమ్మాయికే. అందుకే ఇది నేను చెప్పవలసి వస్తోంది. వయసు పైబడితే కోపం చల్లారుతుందని విన్నాను. నా విషయంలో అందుకు తగిన ఆధారమేదీ ఇంతవరకు దొరకలేదు.

అది నేను పదవీ విరమణ చేసిన వేసవి. లావోస్ కొండల మీదుగా దిగే వడగాలి మా రేవు పట్నాన్ని పగలంతా వేపుడు మూకుడులా మార్చేది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా ఒక వింత కనబడేది, ఇప్పటికీ కనబడుతుంది. ప్రతి ఇంట్లోనూ పెద్దల పీఠం ఉంటుంది, దాని మీద పోయినవాళ్ళ పటాలు ఉంటాయి, ఆ పటాలన్నిటిలోనూ ఒకే భుజాలు ఉంటాయి. మా తమ్ముడు థిన్ చలవ అది. మనిషి పోయాక కొడుకులు అతని గుర్తింపు కార్డు పట్టుకుని థిన్ ఫోటో స్టూడియోకు పరుగెత్తుతారు. థిన్ కార్డులోని ముఖాన్ని పెద్దది చేసి, ముడతలు చెరిపి, ఆడమనిషైతే నీలిపట్టు అంగరఖా మీద, మగమనిషైతే నల్లకోటు మీద అతికిస్తాడు. బతుకంతా నడుములోతు నీళ్ళలో వలలు లాగిన జాలరి చచ్చిపోయాక బ్యాంకు అధికారి అవుతాడు. మనవలు అతనికి అగరుబత్తి వెలిగించి దండం పెడతారు.

మా అమ్మాయి దియెప్ చదువు ముగిశాక కొంతకాలం బాబాయి దగ్గర ఆ భుజాలు అతికించే పనే చేసింది. ఒకనాడు కంప్యూటరు ముందు నుంచి లేచి, స్టూడియో వెనకగదిలో దుమ్ము కొట్టుకుపోయిన పాత ఫిల్ము కెమెరా తీసుకుని ఇంటికి వచ్చేసింది. థిన్ దానికి అభ్యంతరం చెప్పలేదు సరికదా, రీలు ఎక్కించడం, కడగడం దగ్గరుండి నేర్పాడు. డిజిటల్ కెమెరాలు రాకముందు మా జిల్లాలో నలుపు తెలుపు రీళ్ళు కడగడంలో అతన్ని మించినవాడు లేడు. ఈ సంగతి అతనూ చెప్పుకునేవాడు, నేనూ ఒప్పుకునేవాణ్ణి.

ఆ తరువాత ఆమె ఒక పాత హోండా బండి కొన్నది. అక్కడితో మా ఇంట్లో నిలకడ పోయింది. తీరం వెంబడి దక్షిణానికి, కనుమలెక్కి ప్లేకూకు, అక్కడి నుంచి పేరు కూడా లేని మట్టిబాటల్లోకి తిరిగేది. బాట ఎక్కడ ముగుస్తుందో చూడకుండా వెనక్కి తిరగడం ఆమెకు చేతకాదు. బాట ముగిసిన పల్లెలో ముసలివాళ్ళను వాళ్ళ గుమ్మాల ముందు, వాళ్ళ బట్టల్లోనే కూర్చోబెట్టి బొమ్మ తీసేది. తరువాతి ప్రయాణంలో పటం పట్టుకెళ్ళి ఇచ్చేది. బతికుండగానే పటం సిద్ధం చేసుకోవడం మా వాళ్ళలో అశుభం కాదు, ముందుచూపు.

మా ఆవిడ సేన్‌కు ఇది నచ్చేది కాదు. పెళ్ళి కావలసిన పిల్ల చావుపటాలు తీస్తూ ఊళ్ళు తిరగడమేమిటని సణిగేది. కంప్యూటరు ముందు చల్లగా కూర్చుంటే సరిపోదా అని ఒకసారి అడిగితే దియెప్ ఇచ్చిన జవాబు నాకు గుర్తుంది.

"అక్కడ కూర్చుంటే నాకు మొహమొక్కటే కనిపిస్తుందమ్మా. బండి మీద పోయి గుమ్మంలో నిలబడితే మనిషి కనిపిస్తుంది."

ఆ వేసవి మొదట్లో సేన్ నన్ను కూడా ఆ బండి వెనక ఎక్కించింది. ఖాళీగా ఇంట్లో కూర్చుని తన వంటకు వంకలు పెట్టేకంటే కూతురికి కాపలా కాయడం మేలని ఆవిడ ఉద్దేశం. అలా నేను మూగకొండ కింది పల్లెకు వెళ్ళాను. ఎప్పుడో కలరా వచ్చిన కాలంలో ఎవరు ఎవరో తెలియకుండా పాతిపెట్టిన జనం ఆ కొండ మీద ఉన్నారు. సమాధుల మీద పేర్లు లేవు. అందుకని దాన్ని మూగకొండ అంటారు. కొండవైపు వేలు చూపించకూడదని, అక్కడ పెద్దగా నవ్వకూడదని పల్లెలో నియమాలున్నాయి. కెమెరా గురించి మాత్రం అప్పటికి నియమమేదీ లేదు. ఇది గమనించవలసిన విషయం.

అక్కడే నామ్ అవ్వ మాకు పరిచయమైంది. వయసులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ రేవు నుంచి, చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే ఊట కుండలను కావడి మీద కొండకు మోసి, కొండ నుంచి పనసకాయలను రేవుకు మోసింది. కావడి బరువుకు కుడిభుజం ఎడమదానికంటే జానెడు కిందికి దిగిపోయింది. దియెప్ కెమెరా కాళ్ళు సరిచేస్తుంటే ఆవిడ స్టూలు మీద కూర్చుని తమలపాకు నములుతూ విచారణ మొదలుపెట్టింది.

"ఏమే పిల్లా, నన్ను కూడా మహారాణిని చేస్తావా?"

"లేదవ్వా. నువ్వెట్లా ఉంటే అట్లాగే."

"అయితే ఇదిగో, ఈ దిగిన భుజం పడాలి. మా పక్కింటిది పోతే మీ ఊరి ఫోటోలాయన దానికి పెట్టిన భుజాలు చూశాను. పల్లకీలో తిరిగిన మనిషిలా ఉంది. బతుకంతా పేడ మోసింది అది. రేపు పైన మా ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఈ పట్టుబట్టల మనిషి ఎవరోలే అని పక్కనుంచి పోతే ఎవరిది పూచీ?"

ఇంటి అల్లుడు దూరం నుంచి, వెనకాల కొండ పడుతోంది, గుమ్మం మార్చమని అన్నాడు. అవ్వ అటు తిరగనైనా లేదు.

"వాళ్ళు నన్ను రోజూ చూస్తున్నారు, నేను వాళ్ళని రోజూ చూస్తున్నాను. ఇప్పుడు కొత్తగా సిగ్గేమిటి? నువ్వు తియ్యవే."

ఎండ నడినెత్తిన ఉండడం వల్ల అవ్వ కళ్ళ కింద నీడ పడుతోందని దియెప్ నా తెల్లచొక్కా విప్పించింది. దాన్ని రెండు చేతులా పరిచి పట్టుకుని, వెలుతురు అవ్వ ముఖం మీదికి మళ్ళిస్తూ నేను బనియనుతో నిలబడ్డాను. కాంతి పరావర్తనం గురించి జీవితమంతా నల్లబల్ల మీద చెప్పిన నేను దాన్ని నా చొక్కాతో చేసి చూపడం అదే మొదలు. మాస్టారి పక్కటెముకలు లెక్కపెట్టవచ్చని అవ్వ నవ్వింది. ఆ నవ్వు ఆగి పెదవులు ఇంకా పూర్తిగా మూసుకోని క్షణాన కెమెరా టిక్కుమన్నది. ఆ శబ్దం విన్నప్పుడు దియెప్ ముఖంలో కనబడిన తృప్తిని నేను మరే సందర్భంలోనూ చూడలేదు.

ఆ పల్లెలో ముసలివాళ్ళందరినీ ఆమె అలాగే తీసింది. అక్కడి నుంచి ఇంకా పైకి, కోన్ తుమ్ దాటి పోవాలని ఆమె ఆలోచన. తీసిన రీళ్ళు బండి పెట్టెలో ఆ ఎండకు ఉడికిపోతాయి కనుక, వాటిని ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి నాకు అప్పగించింది. మా వంటింట్లో కుళాయి నీళ్ళే గోరువెచ్చగా వచ్చే ఆ కాలంలో రీలు కడగడం సాధ్యం కాదు. బాబాయి గదిలో ఏసీ ఉంది, ఆయన చెయ్యి నిలకడ, ఆయనకే ఇమ్మని చెప్పింది. నేను బస్సెక్కి కొండ దిగి, డబ్బా థిన్ చేతిలో పెట్టాను. అతను మురిసిపోయాడు. పిల్ల నన్ను మరిచిపోలేదన్నమాట అన్నాడు.

కొద్దిరోజుల తరువాత ఎలా వచ్చాయో చూద్దామని వెళితే స్టూడియోలో నలుగురూ పోగై ఉన్నారు. థిన్ నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. రీళ్ళన్నీ ఖాళీగా వచ్చాయన్నాడు. ఒక్క ముఖం లేదు, ఒక్క చెట్టు లేదు, ఏమీ లేదన్నాడు. ఫిల్ములు చూపించమన్నాను.

"కాల్చేశాను అన్నయ్యా. ఇంట్లో ఉంచుకోవలసిన వస్తువులు కావవి. గుడి దగ్గరికి తీసుకెళ్ళి, దండం పెట్టి, పిల్లకి ఏమీ కాకూడదని మొక్కుకుని మరీ కాల్చాను."

"కడగడంలో ఏదైనా తేడా వచ్చిందేమో."

"నా చేతిలోనా?"

అతను చేతులు రెండూ నలుగురి ముందు చాపి చూపించాడు. బొమ్మను పైకి తేల్చే డెవలపరు మందు మరకలు గోళ్ళలో ఇంకిపోయిన చేతులు. కాఫీ కొట్టు ఆమె, మాస్టారికి దేవుడి మీదే నమ్మకం లేదు, తమ్ముడి మీద ఎక్కడి నుంచి వస్తుందన్నది. అందరూ నవ్వారు. ఆ సాయంత్రానికల్లా, మూగకొండ జనం కెమెరాకు చిక్కరన్న మాట పుట్టి, స్నానం చేసి, కొత్తబట్టలు కట్టుకుని బజారులోకి వచ్చేసింది.

దియెప్ తిరిగి వచ్చాక జరిగింది మరింత చిక్కు వ్యవహారం. కోన్ తుమ్ వైపు తీసిన రీళ్ళను ఆమె స్వయంగా, మంచుగడ్డలు కొని నీళ్ళు చల్లబరిచి కడిగింది. అన్నీ నిక్షేపంగా వచ్చాయి. అదే కెమెరా, ఒకే పెట్టెలోంచి తీసిన ఫిల్ము. ఊరికి ఇంతకంటే రుజువేం కావాలి? కెమెరాలో లోపం లేదు, పిల్లలో లోపం లేదు, కొండలోనే ఉంది మహిమ అన్నారు. రెండు సందర్భాల మధ్య కొండతో పాటు మారిన అంశం మరొకటి కూడా ఉందని, అది రీలు కడిగిన చెయ్యి అని నాకు తెలియకపోలేదు. తమ్ముణ్ణి ఒంటరిగా పట్టుకుని అడిగాను కూడా. అతను నాన్న పటం వైపు చెయ్యి చాచి ఒట్టు పెట్టాడు. బూడిద సాక్ష్యం చెప్పదు. అనుమానం రుజువు కాదని తరగతి తరువాత తరగతికి బోధించినవాణ్ణి, అనుమానాన్ని పట్టుకుని బజారులో ఎలా అరవను? నోరు మూసుకున్నాను. మూసుకున్న నోటి వెనక కోపం పళ్ళు అరగదీస్తూనే ఉంది.

దియెప్ వెంటనే కొండకు వెళ్ళి మళ్ళీ తీస్తానన్నది. కానీ పల్లె తలుపులు వేసుకుంది. రావద్దని బస్సు డ్రైవరుతో కబురు పంపారు. పోయినవాళ్ళకు కోపం వచ్చిందట. తమ పెద్దవాళ్ళ ముఖాలు కొండ మింగేసిందట. నామ్ అవ్వ ఒక్కతే మరో రకం కబురు పంపింది. త్వరగా రమ్మంది, తమలపాకులు తెమ్మంది. దియెప్ తమలపాకులు కొన్నది, బండికి నూనె మార్పించింది. సేన్ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఏడ్చింది. అమ్మను దాటుకుని పోలేక ఒకరోజు, వడగాలి జ్వరంతో మంచం పట్టి కొన్ని రోజులు గడిచాయి. ఆ లోపల నామ్ అవ్వ నిద్రలోనే పోయింది. ఆ వయసులో మనుషులు నిద్రలో పోతారు. అందుకు కొండ అవసరం లేదు.

నేనూ దియెప్పూ వెళ్ళాం. అవ్వ అల్లుడు తలకు తెల్లగుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మర్యాదస్థుడు; నాకు కుర్చీ వేయించాడు. దియెప్‌తో మాత్రం నేల చూస్తూ మాట్లాడాడు.

"నీ మీద నాకేమీ కోపం లేదమ్మా. మా ఆవిడ భయపడుతోంది. లోపలికి మాత్రం రావద్దు."

దియెప్ తమలపాకుల పొట్లం అతని చేతికిచ్చింది. గుమ్మంలోంచి శవపేటిక, దాని ముందు పొగ, ఆ పొగ వెనక కొత్త పటం కనబడుతున్నాయి. థిన్ స్టూడియో పటం. నీలిపట్టు అంగరఖా. గుర్తింపు కార్డులోని బిగుసుకుపోయిన ముఖం, ఒక్క ముడత లేకుండా. చావు సన్నాయి మోగుతూనే ఉంది. మా అమ్మాయి చాలాసేపు అలాగే చూసింది.

"భుజాలు సమంగా ఉన్నాయి నాన్నా" అన్నది.

తిరుగుదారిలో కనుమ పైకొసన ఆమె ఎప్పుడూ బండి ఆపేది. ఇంజను చల్లారే చప్పుడు వింటూ సముద్రం వైపు చూడడం ఆమెకు అలవాటు. ఆ రోజు ఆపలేదు. ఇంటికి వచ్చి తాళం చెవిని వంటింట్లో చెంచాల డబ్బాలో పడేసింది. మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని థిన్ స్టూడియోకు పనికి వెళ్ళింది.

నా కోపాన్ని చూసి సేన్ ఆశ్చర్యపోయింది. పిల్ల గూటికి చేరిందని ఆవిడ సంతోషం. థిన్ మా ఇంటికి వచ్చి, జరిగిందంతా మన మంచికే వదినా, ఇకనుంచి నా కళ్ళ ముందే ఉంటుంది అన్నాడు. తన చేతుల మీదుగా ఆ పిల్ల చేతిపని చచ్చిపోయిందని తెలిసి కూడా అతను మా ఇంట్లో కూర్చుని పుచ్చకాయ ముక్కలు తిన్నాడని నాకు తరువాత తెలిసింది. అప్పటికి తెలిసినదల్లా, మా అమ్మాయి రోజంతా కూర్చుని చనిపోయినవాళ్ళకు ఎవరివో భుజాలు అతికిస్తోందని. సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తినేది. ఏమైనా అడిగితే బాగానే ఉందనేది. ఎదిగిన కూతురు అబద్ధమాడితే తండ్రి నిజం కోసం బలవంతపెట్టలేడు.

కెమెరా అల్మరాలో ఉండిపోయింది. బండి మీద కోళ్ళు ఎక్కి కూర్చునేవి. నేను పొద్దున లేచి వాటిని అదిలించి సీటు తుడిచేవాణ్ణి. ఎవరి కోసం తుడుస్తున్నావని సేన్ అడిగితే ఇంకో గుడ్డ తెమ్మనేవాణ్ణి. వీధిలో ఎవరైనా కొండ ముచ్చట ఎత్తితే రసాయన శాస్త్రం పాఠం మొదలుపెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు నన్ను చూసి జనం అవతలి పక్కకు తప్పుకోవడం మొదలైంది. కొండకు భయపడినట్టే నాకూ భయపడ్డారు. అదొక్కటే ఆ వేసవిలో నాకు దక్కిన గౌరవం.

వానలు రావడానికి కాస్త ముందు మా నాన్న సంవత్సరీకం వస్తుంది. పెద్దకొడుకునైనా నేను ఆ తంతు మీద నమ్మకం లేదన్నందుకు పెద్దల పీఠం థిన్ ఇంట్లో ఉంది. ఏటా అందరం అక్కడ చేరతాం. ఆ రోజు నేను వెనకవాకిట చేతులు కడుక్కుంటున్నాను. మరదలు మేన్ నూతి గట్టున కూర్చుని చేపలు తోముతోంది. ఆమె వెనక మిరప మడి. మడి పొడవునా కర్రలు పాతి, కర్ర నుంచి కర్రకు దారం కట్టి, ఆ దారానికి పొడుగాటి రిబ్బన్లలాంటివేవో వేలాడదీసింది. గాలికి అవి మెలికలు తిరుగుతూ ఎండను చిమ్ముతున్నాయి. అంచుల వెంబడి చిన్న చిన్న చదరపు రంధ్రాలున్నాయి.

ఇవేమిటని అడిగాను.

"పిచ్చుకలు నారు బతకనివ్వడం లేదు బావగారూ. ఆయన పారేసిన ఫిల్ములు. ఇట్లా తళతళమంటుంటే దగ్గరికి రావు."

"ఎప్పుడు పారేశాడు?"

"ఈ వేసవి మొదట్లోనే. మీరు కొండ నుంచి బిస్కెట్ల డబ్బాలో తెచ్చిచ్చారే, అవి. కడిగిన రోజునే చెత్తబుట్టలో కుక్కాడు. మంచి సరుకు, దేనికైనా పనికొస్తుందని నేనే ఏరాను." ఆమె చేప పొట్ట చీల్చి, పేగులు పిల్లికి విసిరింది. "ఎందుకు, మీకు కావాలా?"

ఒకటి కావాలన్నాను. రెండు తీసుకోమన్నది. ఆమెకు ఏమీ తెలియదు. బజారులో తిరిగే కథకూ తన మిరప మడికీ సంబంధముందని ఆమెకు ఎవరూ చెప్పలేదు; తన భర్త కాల్చింది ఇవేనని చెప్పుకుంటున్నాడని ఆమె ఊహించనైనా లేదు.

లోపల బంధువులంతా చాపల మీద కూర్చున్నారు. పెద్ద మేనత్త నడిమధ్యన. థిన్ అందరికీ వడ్డిస్తున్నాడు. నాన్న పటం పీఠం మీద నుంచి చూస్తోంది. ఆ పటంలోనిది నాన్న సొంత చొక్కానే. అప్పటికి థిన్ చేతికి కంప్యూటరు రాలేదు. ఆ విందుపళ్ళేలన్నీ ఎత్తి గోడకు కొట్టాలన్నంత కోపం నాకు వచ్చిన మాట నిజం. వాటిని వండినది మేన్ కనుక కొట్టలేదు. దియెప్ పక్కన కూర్చుని ఆ ఫిల్మును ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె దాన్ని చూసింది. జాకెట్టు అంచుతో దుమ్ము తుడిచి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. ఒక అంచు వెంట కళ్ళు నడిపించింది. తిప్పి, రెండో అంచు వెంట నడిపించింది. ఆ తరువాత చాప మీదుగా చెయ్యి చాచి దాన్ని బాబాయి ముందు పెట్టింది.

"బాబాయ్, ఏ సీసా ముందు పోశావు?"

థిన్ గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతను మొదట ఫిల్ము వైపు, తరువాత వెనకవాకిలి వైపు చూశాడు.

"రెండూ ఒకలాంటి సీసాలేనమ్మా" అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "చీటీలు ఎప్పుడో రాలిపోయాయి. ఫిక్సరు ముందు పడింది. పడ్డాక చేసేదేముంది?"

"చెప్పొచ్చుగా."

"అంతమంది కొట్లో కూర్చుని ఉన్నారు. ఈ వయసులో ఏమని చెప్పను?"

"నామ్ అవ్వ అప్పటికి బతికే ఉంది" అన్నది దియెప్. "ఆ రోజే చెప్పి ఉంటే ఆ మర్నాడే వెళ్ళేదాన్ని."

ఆమె జవాబు కోసం కూర్చోలేదు. అన్నం గిన్నె పక్కకు జరిపి, తాత పటానికి ఒక దండం పెట్టి, లేచి వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళి చెంచాల డబ్బా నేల మీద కుమ్మరించిందని సేన్ తరువాత చెప్పింది. ఆ మధ్యాహ్నమే కనుమ వైపు పోయింది. ఆ పల్లెలో కొన్ని తలుపులు తెరుచుకున్నాయి, కొన్ని ఇప్పటికీ తెరుచుకోలేదు. తెరుచుకున్న తలుపుల ముందు కూర్చున్నవాళ్ళు బొమ్మల్లో కొండతో సహా పడ్డారు. నామ్ అవ్వ మాత్రం నీలిపట్టు అంగరఖాలోనే ఉంది. ఆమెకు మరో పటం లేదు, ఇక రాదు. థిన్ ఇంట్లో నేను ఆ తరువాత అన్నం తినలేదు.

అయితే ఆ రోజు నేను అక్కడి నుంచి వెంటనే లేవలేదు. దియెప్ చెప్పుల చప్పుడు వీధి చివర మలుపు తిరిగింది. మా పెద్ద మేనత్త గొంతు సవరించుకుంది. థిన్ చేసింది పొరపాటే అన్నది. కాని ఇన్నేళ్ళు తప్పు చేయని చెయ్యి సరిగ్గా ఆ కొండ రీళ్ళకే ఎందుకు తడబడిందో ఆలోచించుకోమన్నది. వాళ్ళే తడబడేలా చేశారన్నది. చుట్టూ ఉన్న తలలు నెమ్మదిగా, ఒకదాని తరువాత ఒకటి, అవునన్నట్టు ఊగాయి. సేన్ తల కూడా ఊగింది. థిన్ చేతిలో గరిట మళ్ళీ కదిలింది.

వాళ్ళకు ఆ రోజు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. ఫిల్ము తయారైన చోటనే, దాన్ని డబ్బాలోకి చుట్టకముందే, అంచుల మీద వరస అంకెలను వెలుతురుతో ఎక్కిస్తారు. బొమ్మలాగే అవీ కంటికి కనబడవు. డెవలపరు తగిలినప్పుడే నల్లగా పైకి తేలతాయి. దానికంటే ముందు ఫిక్సరు తగిలితే బొమ్మతో పాటు అవీ కరిగిపోతాయి. కెమెరాలో పెట్టని ఫిల్ముకూ అవి వస్తాయి. మూత తీయని కెమెరాతో తీసిన ఫిల్ముకూ వస్తాయి. కొండకు వెళ్ళిన ఫిల్ముకూ, వెళ్ళని ఫిల్ముకూ ఒకే తీరుగా వస్తాయి, ఎందుకంటే అవి ఏ కొండనూ చూడక ముందే అక్కడ ఉన్నాయి. మేన్ మిరప మడి మీద పిచ్చుకలను బెదిరించిన ఫిల్ముల మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఆ అంకెల్లో ఒక్కటి కూడా లేదు.